గట్టు మీంచి చూసి పంట చెప్పకండి

డిగ్రీలో చేరి స్టాటిస్టిక్స్ పుస్తకం తెరవగానే గుండె జారిపోయిందా? అయితే ఆ పుస్తకం కాసేపు పక్కన పెట్టి, సార్వా కోతల వేళ గోదావరి డెల్టాలో ఏదో ఒక ఊరి చేలోకి దిగండి. అక్కడ దిగుబడి అంచనా కట్టే పంట కోత ప్రయోగం చేస్తుంటే దగ్గరుండి చూడండి.

గట్టు మీద నిలబడి "ఎకరాకి ముప్పై అయిదు బస్తాలు ఖాయం" అనే పెద్దాయన ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. లెక్క కట్టడానికి వచ్చిన వాళ్లు ఆ మాట రాసుకోరు. ఏ చేను కోయాలో, ఆ చేలో పొడవున ఎన్ని అడుగులు వేసి, వెడల్పున ఎన్ని వేసి ఆగాలో యాదృచ్ఛిక సంఖ్యలు చెబుతాయి. ఆగిన చోట మేకులు పాతి, తాడు లాగి, అటు అయిదు మీటర్లు, ఇటు అయిదు మీటర్లు మడి గీస్తారు. అక్కడ పైరు పలచగా ఉన్నా అదే కోయాలి. పక్కన కంకి బరువుగా వంగి ఊరిస్తున్నా సరే, అటు జరగడానికి వీల్లేదు. కోసి, నూర్చి, తూకం వేస్తారు. పద్నాలుగు కిలోలు తూగిందనుకోండి. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు కాబట్టి అలాంటి మడులు దాదాపు 162. గుణిస్తే 2,268 కిలోలు. మన 75 కిలోల బస్తా లెక్కన ముప్పై బస్తాలు. వడ్లు ఆరితే ఇంకాస్త తగ్గుతుంది. ఇలా ఎన్నో చేలల్లో కోసి, అప్పుడు గానీ దిగుబడి చెప్పరు.

శాంపిల్ అంటే ఇదే. అమ్మ కుండలోంచి మెతుకు తీసి నలిపి చూసేదీ ఇదే. కాకపోతే అడుగునా పైనా ఒకేలా ఉడికేలా ముందు గరిటెతో కలుపుతుంది. చేనుని అలా కలపలేం కనుకే ఆ యాదృచ్ఛిక సంఖ్యలు.

మన గురించి మనం తీర్పు చెప్పుకునేటప్పుడు మాత్రం గట్టు మీది పెద్దాయనలా చూస్తాం. ఒక్క పరీక్ష పోగానే "నాకు లెక్కలు రావు" అనేస్తాం. అది మనం ఏరి తెచ్చుకున్న మడి. ఒక పని చేయండి. నెలలోని తేదీలన్నీ చీటీల మీద రాసి, కలిపి, పది తీయండి. ఆ పది రోజులూ ఎన్ని గంటలు చదివారో నిజాయితీగా రాసుకోండి. మీ కష్టం ఎంతో అప్పుడు తెలుస్తుంది.

స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు సంగతే చూడండి. 1920లో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివిన ఆయన సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి 1941లో చేరారు. 1945లో ఆయన రాసిన పరిశోధనా వ్యాసానికి గాను 2023లో, 102 ఏళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందింది. ఉద్యోగం రాని ఆ ఒక్క రోజునే శాంపిల్‌గా తీసుకుని ఉంటే?

ఇక సగటు. భీమవరం వైపు ఒక వీధిలో నలుగురి నెల సంపాదన 15, 16, 18, 20 వేలు అనుకుందాం. అయిదో ఆయన రొయ్యల చెరువుల ఆసామి, నాలుగు లక్షలు. సగటు 93,800. ఆ వీధిలో ఎవరి సంపాదనా కాని అంకె అది! వరసలో నడిమి సంఖ్య, అంటే మధ్యగతం, 18 వేలు. వీధి బతుకు చెప్పేది అదే. "మన కాలేజీ పిల్లల సగటు జీతం ఇంత" అని ఎవరైనా చెబితే, మధ్యగతం ఎంతని అడగండి.

సగటు చెప్పనిది ఇంకొకటి ఉంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో అక్కడ వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లో ఇల్లు కట్టుకునే మనిషి సగటు వరద ఎంతని అడగడు. "ఎనభై ఆరులో నీళ్లు ఎందాకా వచ్చాయి?" అని అడిగి అరుగు ఎత్తు చేస్తాడు. సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరిందో చూడాలన్న ఎరుక అతనికి ఉంది. ఆ చెదరడాన్ని కొలిచేదే స్టాండర్డ్ డీవియేషన్. 58, 60, 62 మార్కులు తెచ్చుకున్న పిల్లవాడికీ, 30, 60, 90 తెచ్చుకున్న పిల్లవాడికీ సగటు అరవయ్యే. మొదటివాడు ఇంకాస్త శ్రమ పెంచాలి. రెండోవాడు ఆ 30 ఎందుకొచ్చిందో వెతకాలి. ఇద్దరికీ ఒకే సలహా ఇచ్చే పెద్దల మాట నేను ఒప్పుకోను.

ఈసారి కోతలకి చేలో తాడు లాగుతున్న వాళ్లు కనిపిస్తే దాటి వెళ్లకండి. తూకం చూసి, మీ చేత్తో మీరే బస్తాలకి మార్చండి.