జనరేటర్ తాడు లాగే ముందు

చలికాలం మొదలైందంటే ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో ఉంటున్న తెలుగువాళ్ల చెవిన ఒక మాట పడుతూనే ఉంటుంది: ‘గ్రాప్ పెట్టారు, జనరేటర్ వేయకూడదట’. గ్రాప్ అంటే గాలి పాడైన రోజుల్లో దశలవారీగా పెట్టే ఆంక్షలు. చాలామందికి తెలిసింది అంతవరకే. నిషేధం ఉందని తెలుసు, దాన్ని ఎలా తప్పించుకోవాలో పక్కింటివాళ్లు చెబుతారు. కానీ జనరేటర్ వద్దంటూనే, దాని అవసరం రాకుండా చూసే బాధ్యతను చట్టం కరెంటు కంపెనీ మీద పెట్టింది. 2022 ఏప్రిల్‌లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు ఈ సంగతి తేటగా చెబుతాయి. మహానగరాల్లో కాలుష్యం పెరుగుతోంది కనుక, డీజిల్ జనరేటర్లు నడపాల్సిన పని లేకుండా 24 గంటలూ సరఫరా చేయాల్సింది పంపిణీ సంస్థే. జనరేటర్ మీద ఆధారపడినవాళ్లు ఐదేళ్లలో బ్యాటరీ, సౌరవిద్యుత్తు లాంటి వాటికి మారే ప్రయత్నం చేయాలని కూడా అందులోనే ఉంది. రెండో మాట మనకు బాధ్యత, మొదటిది మనకు హక్కు. బాధ్యత తెలిసి హక్కు తెలియనివాడే చివరికి జరిమానా కడుతున్నాడు.

జరిమానా మాట చిన్నది కాదు. ఢిల్లీ, చుట్టుపక్కల ప్రాంతాల గాలి కోసం 2021లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఒక కమిషన్‌ను ఏర్పాటు చేసింది. దాని ఆదేశాలను మీరితే ఐదేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వాయు నాణ్యత సూచీ 200 దాటగానే గ్రాప్ మొదటి దశ మొదలవుతుంది. డీజిల్ జనరేటర్ల మీద 2023 అక్టోబరు నుంచి అమలవుతున్న ఆంక్షల్లో పెద్ద సెట్లకు ఒక వెసులుబాటు ఉంది: గ్యాస్‌తో కలిపి నడిచేలా మార్చుకోవచ్చు, పొగను వడకట్టే పరికరం బిగించుకోవచ్చు. చేత్తో మోసుకుపోయే చిన్న డీజిల్ సెట్టుకు ఆ దారి లేదు, గ్రాప్ రోజుల్లో దాన్ని ఆపేయాల్సిందే.

‘పావుగంట నడిచే చిన్న మిషను మీద ఇంత కోపమా’ అని అడిగేవాళ్లున్నారు. వాళ్లు చూస్తున్నది మిషను సైజు, చట్టం చూస్తున్నది దాని పొగ, దాని కరెంటు ఎక్కడిదాకా పోతాయన్నది. పెట్రోలుదైనా డీజిలుదైనా పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోకి చేరి ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది. తలనొప్పి, వికారం మొదలయ్యేసరికి మనిషికి లేచి తలుపు తీసే ఓపిక మిగలకపోవచ్చు. చలికి కిటికీలన్నీ బిగించిన ఫ్లాట్‌లో బాల్కనీలోని జనరేటర్ కూడా ఇంట్లో ఉన్నట్టే లెక్క. పొగ ఏం చేస్తుందో ఢిల్లీకి ఒకరు చెప్పనక్కర్లేదు. 1997 జూన్ 13న గ్రీన్ పార్క్‌లోని ఉపహార్ సినిమా హాలు కింద, ఆ ఉదయమే మరమ్మతు చేసిన ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంది. పొగ మెట్లదారిలోంచి బాల్కనీకి ఎక్కింది. 59 మంది ఊపిరాడక పోయారు. 2011లో సుప్రీంకోర్టు పరిహారంలో 85 శాతం యాజమాన్యం మీద, 15 శాతం ఢిల్లీ విద్యుత్ బోర్డు మీద వేసింది. హాలు సొంతదారూ కరెంటు సంస్థా ఎవరి వంతు వారు మోయాలన్న ఆ తీర్పే నా వాదనకు మూలం.

ఇక కరెంటు సంగతి. రెండు కొసలా ప్లగ్గు బిగించిన వైరు ముక్క ఒకటి చాలా ఇళ్లలో కనిపిస్తుంది. ఒక కొస జనరేటర్‌కు, రెండోది గోడ సాకెట్‌కు పెడితే ఇల్లంతా వెలుగుతుంది. మెయిన్ ఆపడం మరిచిపోతే అదే కరెంటు మీటరు దాటి వీధి తీగలోకి ఎదురెక్కుతుంది. 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లో తిరగబడితే 11,000 వోల్టులదాకా అవుతాయి. లైను చచ్చిపోయిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ చేతికి అది తగులుతుంది. ఇలా నిర్లక్ష్యంతో ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్లే. జనరేటర్‌నూ వీధి లైన్నూ ఒకేసారి కలవనివ్వని చేంజోవర్ స్విచ్‌ను లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత పెట్టించుకుంటే ఈ గండం తప్పుతుంది. ఆంక్షలు లేని రోజున జనరేటర్ వేసినా ఆరుబయట, కిటికీలకు కనీసం ఇరవై అడుగుల దూరంలో ఉంచాలి, ఇంజను చల్లారాకే పెట్రోలు పోయాలి. ఈ హెచ్చరికలు అమ్మేవాడి దగ్గరే మొదలు కావాలి. సరైన వాడకం, ప్రమాదం గురించి తగినంతగా చెప్పని తయారీదారును 2019 వినియోగదారుల రక్షణ చట్టం నష్టపరిహారానికి బాధ్యుణ్ణి చేస్తుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

నేను బరువుగా తీసుకునే అభ్యంతరం వేరే ఉంది. లక్ష్మీనగర్ ఫుట్‌పాత్ మీద బట్టలమ్మే మనిషి వేల రూపాయల లిథియం పవర్ స్టేషన్ కొనగలడా? పెళ్లి షామియానా వేసేవాడు బ్యాటరీల మీద ఎన్ని లైట్లు వెలిగించగలడు? కొనలేరు, వెలిగించలేరు, నిజమే. అందుకే 2022 సవరణలోని ఇంకో వాక్యం వీళ్లకు చాలా విలువైనది: తాత్కాలిక అవసరాలకు కనెక్షన్‌ను 48 గంటల్లోపు, ప్రీపెయిడ్ మీటరు మీద ఇవ్వాలి. ఇలాంటి పనులకు డీజిల్ జనరేటర్ వాడకుండా చేయడమే దీని ఉద్దేశమని నిబంధనే చెబుతోంది. ఇంట్లో ఆక్సిజన్ మిషను మీద ఉన్న పెద్దవాళ్లకు మాత్రం ఇన్వర్టర్, బ్యాటరీ ముందే సమకూర్చుకోవడం తప్పదు. వారి గదికి పొగ అసలే పనికిరాదు.

‘కాగితం మీద బాగానే ఉంది, కంపెనీ వింటుందా’ అంటారు. ఫోన్‌లో అరిస్తే వినకపోవచ్చు. రాసిచ్చి, తేదీ ఉన్న రసీదు తీసుకుంటే లెక్క మారుతుంది. 48 గంటలకు ఆ తేదీయే ఆధారం. కరెంటు పోయిన ప్రతిసారీ ఫిర్యాదు నంబరు, పోయిన సమయం, వచ్చిన సమయం రాసి పెట్టుకోండి. సేవా ప్రమాణాలు పాటించని సంస్థ పరిహారం చెల్లించాలని విద్యుత్ చట్టం 57వ సెక్షన్ అంటోంది. ఢిల్లీలో బీఎస్ఈఎస్ అయినా టాటా పవర్ అయినా, గురుగ్రామ్‌లో దక్షిణ హర్యానా సంస్థ అయినా, వినియోగదారుల ఫిర్యాదుల వేదికను నడపాల్సిందే. అక్కడ న్యాయం జరగకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. మీ సొసైటీలో పది ఇళ్లవాళ్లు ఒకే వారం రాసుకున్న వేళలను జతచేసి వేసిన అర్జీని ‘ఏదో ఒక ఇంటి ఫ్యూజు’ అని కొట్టిపారేయడం ఏ అధికారికైనా కష్టం.