వాహనానికి అదనపు వారంటీ: కొనేముందు ఆలోచించవలసిన విషయాలు

గత ఏడాది మా తమ్ముడు కారు కొన్నాడు. సరదా కోసం కాదు. అబ్బాకు వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాలి. ఊరి నుంచి గుంటూరు ఆసుపత్రికి ఆటోల్లో, అద్దె కార్లలో తిరిగి తిరిగి అలసిపోయాం. కూడబెట్టిన సొమ్ముకు తెలిసినవారు వడ్డీ లేకుండా ఇచ్చిన అప్పు కలిపి ఒక చిన్న కారు బుక్ చేశాడు.

షోరూంలో కాగితాలన్నీ పూర్తయ్యాక అక్కడి ఉద్యోగి మరో కాగితం ముందు పెట్టాడు. "సార్, కంపెనీ వారంటీ మూడేళ్లే. ఇంకో రెండేళ్లకు 22 వేలు కట్టేయండి. రేపు పెద్దాయన్ని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో బండి ఆగిపోతే ఏం చేస్తారు?" అన్నాడు.

తమ్ముడు నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు: "భాయ్, ఇది తీసుకోవచ్చా? ఇదీ బీమా లాంటిదే కదా?"

నా దగ్గర జవాబు లేదు. ఒక్కరోజు గడువు అడిగి బయటికి వచ్చాం. ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత మా మస్జిదులో ఒక ముఫ్తీ సాహెబ్ దగ్గర కూర్చున్నాం. ఆయన వివరించిన విషయాలు, ఆ తర్వాత చదివి తెలుసుకున్నవీ పాఠకుల ముందు ఉంచుతున్నాను. ఈ రోజుల్లో కారే కాదు, స్కూటర్ కొన్నా, ఫ్రిజ్ కొన్నా ఈ ప్రశ్న ప్రతి ఇంటికీ ఎదురవుతోంది.

వస్తువుతోపాటు వచ్చే వారంటీ

ముందుగా ఒక తేడా గ్రహించాలి. వాహనంతోపాటు కంపెనీ ఇచ్చే వారంటీ వేరు, డబ్బు కట్టి విడిగా కొనుక్కునే వారంటీ వేరు.

మొదటిది షరీఅత్‌కు కొత్త విషయమేమీ కాదు. అమ్మిన వస్తువులో దాగి ఉన్న లోపం తర్వాత బయటపడితే, దాన్ని తిప్పి ఇచ్చే హక్కు కొన్నవాడికి ఉంటుంది. దీన్ని ధర్మశాస్త్ర పండితులు 'ఖియారుల్ ఐబ్' అంటారు. ఒకసారి దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వ్యాపారి చెప్పాడు. తడిసిన ధాన్యాన్ని ప్రజలకు కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసం చేసేవాడు నా వాడు కాడని హెచ్చరించారు. ఇది సహీహ్ ముస్లింలోని హదీసు.

కంపెనీ తన తయారీలో లోపానికి తానే బాధ్యత వహించడం ఈ న్యాయానికి దగ్గరైనదే. దానికి విడిగా ధర లేదు. అది వాహనం ధరలోనే కలిసి ఉంది. హనఫీ పండితులు దీనికి దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతారు. తోలు కొంటూ, దానితో చెప్పు కుట్టి ఇవ్వాలని లేదా చెప్పుకు పట్టీ వేసి ఇవ్వాలని షరతు పెడితే, అది ప్రజల్లో స్థిరపడిన వాడుక గనుక చెల్లుతుందన్నారు. అలాగే ఫలానా కాలం వరకు అమ్మినవాడే మరమ్మతు చేసిపెట్టాలన్న షరతుతో జరిగే అమ్మకం ధర్మసమ్మతమేనని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1998లో బహ్రెయిన్‌లోని మనామాలో జరిగిన సమావేశంలో తీర్మానించింది. కనుక కొత్త బండితో వచ్చే వారంటీని నిస్సంకోచంగా వాడుకోవచ్చు. అది కొన్నవాడి హక్కు.

విడిగా కొనే వారంటీ

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. 22 వేలు కడుతున్నాం. దానికి బదులుగా మనకు వచ్చేదేమిటి? బండి చెడితే మరమ్మతు. చెడకపోతే ఏమీ లేదు. చెడుతుందో లేదో, చెడితే 2 వేల పని పడుతుందో 80 వేల పని పడుతుందో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. ఒకవైపు సొమ్ము ఖాయం, రెండోవైపు అంతా అనిశ్చితం. షరీఅత్ పరిభాషలో దీన్నే 'గరర్' అంటారు.

గరర్‌తో కూడిన అమ్మకాన్ని, గులకరాయి విసిరి చేసే అమ్మకాన్ని దైవప్రవక్త (సఅసం) నిషేధించారని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. ఇదీ సహీహ్ ముస్లింలోనిదే. అజ్ఞాన కాలంలో రాయి విసిరి, అది ఏ బట్ట మీద పడితే ఆ బట్ట ఫలానా ధరకు అమ్ముడైనట్టు లెక్కగట్టేవారు. ఒంటె కడుపులోని పిల్లను ముందే బేరం చేసుకునేవారు. ఒకరికి అయాచిత లాభం, మరొకరికి నష్టం. చివరికి మిగిలేది మనస్పర్థలే. ఒకరి సొమ్ము ఒకరు అన్యాయంగా తినవద్దని, పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారమే సరైనదని దివ్యఖుర్ఆన్ నిసా సూరా 29వ ఆయత్‌లో అల్లాహ్ ఆదేశించాడు.

అయితే అనిశ్చితి ఏ కాస్త ఉన్నా ఒప్పందం చెడిపోతుందా? అలా కాదు. ఇమామ్ నవవీ (రహ్మలై) సహీహ్ ముస్లిం వ్యాఖ్యానంలో దీన్ని చక్కగా విడమరిచారు. దూది పెట్టి కుట్టిన జుబ్బా కొంటాం, లోపలి దూది చూడం. ఇల్లు నెల అద్దెకు తీసుకుంటాం, ఆ నెల 29 రోజులో 30 రోజులో తెలియదు. స్నానశాలకు ఒకే రుసుము ఇస్తాం, ఒకరు ఎక్కువ నీళ్లు వాడతారు, ఒకరు తక్కువ. ఇంతటి స్వల్ప అనిశ్చితిని ధర్మం క్షమించింది. అనిశ్చితి ఒప్పందంలో ఒక మూలన ఉండటం వేరు, ఒప్పందమంతా అదే కావడం వేరు.

పండితులు ఏమంటున్నారు?

ఫిఖ్హ్ అకాడమీ 1985 డిసెంబరులో జిద్దా సమావేశంలో బీమా గురించి చర్చించింది. నిర్ణీత ప్రీమియంతో నడిచే వాణిజ్య బీమాలో ఒప్పందాన్ని చెడగొట్టేంత పెద్ద గరర్ ఉంది గనుక అది నిషిద్ధమని, దాని స్థానంలో పరస్పర సహకారంపై నడిచే బీమా ధర్మసమ్మతమని ప్రకటించింది. విడిగా డబ్బు కట్టి కొనే వారంటీ కూడా స్వభావంలో ఇలాంటి బీమాయేనని, దానికి దూరంగా ఉండాలని ఎందరో పండితులు చెబుతున్నారు.

మరికొందరు పండితులు అమ్మినవాడే లేదా తయారీదారే ఇచ్చే పొడిగింపును అమ్మకంలో భాగంగా, సేవా ఒప్పందంగా చూస్తూ అనుమతించారు. వీరి దృష్టిలో కూడా సంబంధం లేని మూడో సంస్థ కేవలం నష్టభయాన్ని కొనుక్కునే పద్ధతి వేరు.

వీటి నడుమ అందరికీ స్పష్టంగా ఉన్న ఒక దారి ఉంది. ఏడాదికి ఇన్ని సర్వీసులు, ప్రతి సర్వీసులో ఫలానా పనులు, దానికి ఇంత రుసుము అని ముందే నిర్ణయించుకునే ఒప్పందం కూలి ఒప్పందం లాంటిది. పని తెలుసు, వేతనం తెలుసు. 1998 నాటి మనామా తీర్మానం ఈ షరతులతోనే దాన్ని అనుమతించింది. కనుక షోరూంలో కాగితం పేరు చూసి నిర్ణయించకండి. లోపల ఉన్నది పనికి వేతనమా, భయానికి వెలా అన్నది చూడండి. సందేహం తీరకపోతే ఆ కాగితాన్నే తీసుకెళ్లి మీరు నమ్మే ఆలిమ్‌కు చూపించండి.

ఇక్కడ ఒక మాట. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 146 ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా వాహనాన్ని రోడ్డు మీద నడపడం నేరం. చట్టం విధించిన ఈ నిర్బంధం వల్ల దానికి పండితులు వెసులుబాటు ఇచ్చారు. అదనపు వారంటీకి అలాంటి నిర్బంధం ఏదీ లేదు. అది తీసుకోకపోతే బండి ఇవ్వమని ఎవరైనా అంటే, అలా ముడిపెట్టడం వినియోగదారుల రక్షణ చట్టం 2019 దృష్టిలో తప్పు. 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

కాగితంలో ఏముంది?

మర్నాడు మేం ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరి వరకు చదివాం. ఇలాంటి ఒప్పందాల్లో సాధారణంగా కనిపించే షరతులే అందులోనూ ఉన్నాయి. అరిగిపోయే భాగాలు, అంటే బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, టైర్లు, వైపర్లు, ఫిల్టర్లు లెక్కలోకి రావు. ప్రతి సర్వీసూ కంపెనీ గుర్తించిన చోటే, గడువులోపే చేయించాలి. ఒక్కటి తప్పినా క్లెయిము తిరస్కరించవచ్చు. బయట గ్యాస్ కిట్ బిగిస్తే, బండిని కిరాయికి తిప్పితే చెల్లదు. ఏళ్లు గాని కిలోమీటర్లు గాని, ఏది ముందు పూర్తయితే అక్కడితో గడువు ముగుస్తుంది.

ప్రమాదానికి, వరదకు వారంటీ వర్తించదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు ఎన్నో వాహనాలు నీట నిలిచాయి. అలా నీరు చేరి పాడైన ఇంజనుకు వారంటీ కాగితం అక్కరకు రాదు. అది తయారీ లోపం కాదు కదా.

ఇంకో సంగతి. బండిని బ్యాంకు లోనుపై కొనేవారికి ఈ 22 వేలను కూడా లోనులోనే కలిపేస్తామని చెబుతారు. నెలకు కొద్దిగానే పెరుగుతుందంటారు. అంటే సందేహాస్పదమైన ఒప్పందం మీద వడ్డీ కూడా చేరుతోందన్నమాట. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబం ఈ మాట దగ్గర ఆగి ఆలోచించాలి.

ఒంటెను కట్టడం అంటే

ఇదంతా విని, ఏమీ చేయకుండా అల్లాహ్‌పై భారం వేసి కూర్చోవాలా అని ఎవరైనా అడగవచ్చు. ఒంటెను కట్టి అల్లాహ్‌ను నమ్ముకోవాలా, వదిలేసి నమ్ముకోవాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టు, ఆపై నమ్ముకో అని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఇది తిర్మిజీలోని హదీసు.

మా తమ్ముడు ఒంటెను ఇలా కట్టాడు. కంపెనీ వారంటీ ఎలాగూ మూడేళ్లు ఉంది. ఆ 36 నెలలూ నెలకు 600 రూపాయలు విడిగా దాస్తే 21,600 అవుతుంది. అంటే వారంటీ ముగిసే నాటికి ఆ 22 వేలు దాదాపు మన చేతిలోనే ఉంటాయి. బండి చెడితే దానికే ఖర్చవుతాయి. చెడకపోతే ఇంట్లోనే మిగులుతాయి. బ్రేకులకైనా, టైర్లకైనా వాడుకోవచ్చు, ఏ షరతూ అడ్డురాదు. అయితే ఈ సొమ్ము మన ఆస్తి కిందికే వస్తుంది. మిగతా ధనంతో కలిపి నిసాబ్ చేరితే ఏడాదికి రెండున్నర శాతం జకాత్ ఇవ్వాలి. అది మరచిపోరాదు.

నిజాయితీగా మరో మాట కూడా చెప్పుకోవాలి. గేర్‌బాక్స్ వంటిది పోతే 22 వేలతో పని జరగదు. అంత భారం మోయలేని కుటుంబాలు ఉంటాయి. అక్కడే మన సమాజం బాధ్యత మొదలవుతుంది. మస్జిదు పరిధిలో పది కుటుంబాలు కలిసి ఒక నిధి పెట్టుకుని, అవసరమైనవారికి 'ఖర్జె హసనా' ఇచ్చుకుంటే ఎంత బాగుంటుంది! నష్టాన్ని అమ్ముకోవడం వేరు, పంచుకోవడం వేరు.

ఇక ఆ ఉద్యోగి అడిగిన ప్రశ్న సంగతి: దారిలో బండి ఆగిపోతే ఏం చేస్తారు? ఆలోచిస్తే మాకు అర్థమైంది. ఆ కాగితం బండి మరమ్మతుకు సంబంధించినదే తప్ప, ఆరోజు అబ్బాను ఆసుపత్రికి చేర్చేది కాదు. ఆయన్ను చేర్చేది మనిషే. అందుకే తమ్ముడు దారి పొడవునా ఉన్న ఇద్దరు ఆటో సోదరులతో, పక్క వీధిలో కారున్న ఒక హిందూ మిత్రుడితో ముందే మాట్లాడి ఫోన్ నంబర్లు రాసి కారులో అతికించాడు. గడువు తప్పకుండా సర్వీసు చేయిస్తున్నాడు, ప్రతి రసీదూ భద్రపరుస్తున్నాడు. మాకు అవసరమైన వారంటీ ఇదేనని ఇప్పుడు అనిపిస్తోంది.

అమ్మేవారికి ఒక మాట

మన యువకులు ఎంతోమంది షోరూంలలో ఉద్యోగులుగా, మెకానిక్ షెడ్లలో పనివారుగా, పాత బండ్ల వ్యాపారులుగా ఉన్నారు. కమీషన్ కోసం కొనేవాడి భయాన్ని రెచ్చగొట్టకండి. ఏది వర్తించదో కూడా విడమరిచి చెప్పండి. పాత బండి అమ్మేటప్పుడు ఇంజను లోపం, ప్రమాదం జరిగిన సంగతి దాచకండి. అమ్మేవాడూ కొనేవాడూ నిజం చెప్పి, ఉన్నది ఉన్నట్టు వివరిస్తే వారి బేరంలో శుభం కలుగుతుందని, దాచి అబద్ధమాడితే ఆ శుభం చెరిగిపోతుందని హజ్రత్ హకీం బిన్ హిజాం (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఉంది.

సంతకం పెట్టేముందు ఈ ప్రశ్నలు వేసుకోండి:

1. ఈ వారంటీ వాహనం ధరలోనే ఉందా, విడిగా డబ్బు అడుగుతున్నారా?

2. బాధ్యత తీసుకుంటున్నది అమ్మినవాడా, తయారీదారా, వేరే సంస్థా?

3. చేసే పని ముందే నిర్ణయమైందా, లేక చెడితేనే చేస్తారా?

4. దీని సొమ్ము వడ్డీ లోనులో కలుస్తోందా?

5. ఇదే సొమ్మును నా దగ్గరే ఉంచుకుంటే అవసరం తీరదా?

డబ్బు చిన్నదే కావచ్చు. కాని రేపు ప్రళయదినాన ధనాన్ని ఎలా సంపాదించావు, దేనిలో ఖర్చు చేశావు అన్న రెండు ప్రశ్నలకూ మనం జవాబు చెప్పుకోవాలి. ఆ జవాబు షోరూం బల్ల దగ్గరే తయారవుతుంది.

అల్లాహ్ మన సంపాదనలోనూ ఖర్చులోనూ శుభం కలిగించుగాక! సందేహాస్పదమైన వాటికి దూరంగా ఉండే భాగ్యాన్ని, ఒకరి కష్టాన్ని ఒకరు పంచుకునే మనసును మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.