గెయిన్ వేరు, వాల్యూమ్ వేరు

మొన్న మన విభాగం కార్యక్రమంలో నా స్నేహితురాలు తెలుగు పాట పాడింది, నేను గిటార్ వాయించాను. గిటార్‌ను మా అన్న ఇచ్చిన ఆంప్ మోడలర్ పెట్టెకు తగిలించి, అక్కడినుంచి హాలు స్పీకర్లకు కలిపాం. నా వాయింపు వినబడడం లేదనిపించి గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పేశాను. చివరి వరసలో కూర్చున్న మా అమ్మ ఇంటికెళ్ళాక, "కాట్టుపల్లి నుంచి బస్సెక్కి వచ్చింది పాట వినడానికే కదే! ఒక్క మాటా తెలియలేదు" అంది. తప్పు పాడిన అమ్మాయిది కాదు, నాది. అందుకే ఈ పాఠం.

మోడలర్ అంటే ఏమిటి?

రకరకాల గిటార్ ఆంప్లిఫయర్లు ధ్వనిని ఎలా మారుస్తాయో లెక్కలతో అనుకరించే పెట్టె. 1998లో లైన్ 6 కంపెనీ తెచ్చిన 'పాడ్' ఇలాంటిదే. నాబ్‌లను ఈ వరసలో సరిచేసుకోవాలి.

1. మోడల్: పాటకు తోడు వాయించేటప్పుడు 'క్లీన్' రకం ఎంచుకోండి.

2. గెయిన్: ఇది ఆంప్‌లోకి వెళ్ళే సంకేతాన్ని పెంచుతుంది. హద్దు దాటితే ధ్వని తరంగాల కొనలు తెగిపోయి గరగర పుడుతుంది. మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకేలా వినిపిస్తుంది. గట్టిగా మీటుతూ గెయిన్ పెంచండి. గరగర మొదలవగానే కొంచెం వెనక్కి తిప్పండి.

3. బేస్, మిడిల్, ట్రెబుల్: మంద్ర, మధ్య, తార అని గుర్తుపెట్టుకోవచ్చు. కానీ స్థాయి మారితే స్వరం మారుతుంది. ఈ నాబ్‌లు స్వరాన్ని మార్చవు, అందులోని పాళ్ళను మారుస్తాయి. మూడింటినీ మొదట నడిమికి పెట్టండి. గొంతు, గిటార్ రెండూ మధ్యభాగంలోనే పోటీపడతాయి. పాట నడుస్తుంటే మిడిల్ కాస్త తగ్గించండి, ఒంటరిగా వాయించేటప్పుడు పెంచండి.

4. క్యాబినెట్: గిటార్ స్పీకర్ పెట్టె స్వభావాన్ని అనుకరించే భాగం. హాలు స్పీకర్లకు, హెడ్‌ఫోన్‌కు ఇది ఆన్‌లో ఉండాలి. లేకపోతే ధ్వని చెవిని గీరుతుంది. గిటార్ ఆంప్‌కే కలిపితే ఆఫ్ చేయాలి.

5. రివర్బ్: హాలుకే ప్రతిధ్వని ఉంటుంది కాబట్టి చాలా కొంచెం చాలు.

6. వాల్యూమ్: ఇది చివర. ధ్వని తీరు మార్చకుండా చప్పుడు పెంచేది ఇదే. నేను ఆ రోజు తిప్పాల్సిన నాబ్ ఇది!

విద్యుత్తు వాద్యమంటే గోల అనుకోకండి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ జంట తీగల వాద్యాన్ని అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌గా మార్చుకుని దానిమీద గమకాలు పలికించారు. కరెంటు అక్కడ స్వరానికి సాయపడింది, దాన్ని మింగేయలేదు.

అభ్యాసం: ఒకరు పాడండి, ఒకరు వాయించండి, మూడో ఆమె చివరి వరసలో కూర్చుని విన్న పల్లవి కాగితం మీద రాయాలి. ఒక్క మాట తప్పినా ముందు గెయిన్ చూడండి. ఈసారి కార్యక్రమానికి మా అమ్మను మళ్ళీ పిలుస్తాను.