లాల్‌బాగ్ బండ, పిన్ని గ్లాసు

ఆర్ట్స్ అమ్మాయి పరమాణువు గురించి రాయడమేంటని మా బెంచీలో అప్పుడే నవ్వులు మొదలయ్యాయి. పదో తరగతి తర్వాత నేను సైన్సు పుస్తకం ముట్టని మాట నిజమే. మళ్లీ ముట్టుకునేలా చేసింది మా పిన్ని.

పోయినేడాది పిన్ని థైరాయిడ్ క్యాన్సర్ వైద్యానికి హిందూపురం నుంచి మా ఇంటికొచ్చింది. ఆపరేషన్ అయ్యాక రేడియో అయోడిన్ ఇచ్చి, విడిగదిలో ఉంచి, తర్వాత పంపించారు. కొన్ని రోజులు వేరే మంచం, వేరే గ్లాసు, చిన్నపిల్లలకి దూరం అని కాగితం మీద రాసిచ్చారు. ఆ కొన్ని రోజులు మా ఇంట్లో రెండు నెలలయ్యాయి. అమ్మ పిన్ని గ్లాసునీ కంచాన్నీ రోజూ మరిగే నీళ్లలో వేసేది. ఇక చాలేమో అంటే నాన్న "ఇన్నూ స్వల్ప దివస ఇర్లి" అనేవారు. నేను సోఫాలో కూర్చోబోతే పిన్ని తనే లేచి గుమ్మం దగ్గరికి వెళ్లేది. నేనూ ఆపలేదు.

పాఠానికి ముందు చిన్న తెలుగు తగాదా. మనం అణుబాంబు, అణుశక్తి అంటాం. కానీ సైన్సులో అణువు వేరు, పరమాణువు వేరు. నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి. బాంబులో విరిగేది అణువు కాదు, పరమాణువు మధ్యలో ఉండే కేంద్రకం. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

ఈ కేంద్రకం సంగతి 1911లో రూథర్‌ఫర్డ్ చెప్పాడు. పరమాణువుని చిన్నస్వామి స్టేడియం అంత ఊహించుకుంటే కేంద్రకం పిచ్ మధ్యలో ఒక ఆవగింజ. బరువంతా దాదాపు ఆ గింజలోనే. అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయి, బయట ఎలక్ట్రాన్లు. ప్రోటాన్ల లెక్కే మూలకానికి పేరు పెడుతుంది. 53 ఉంటే అది అయోడిన్, ఇంకేదీ కాదు. న్యూట్రాన్లు మాత్రం మారొచ్చు. మన ఉప్పులో ఉండే అయోడిన్‌కి 74 న్యూట్రాన్లు, పిన్నికిచ్చిన దానికి 78.

ఒంట్లో జరిగే రసాయన పనులన్నీ బయటి ఎలక్ట్రాన్ల వ్యవహారం. లోపల న్యూట్రాన్లు ఎన్నున్నాయో థైరాయిడ్‌కి తెలీదు. మామూలు అయోడిన్ అనుకుని లోపలికి లాగేసుకుంటుంది. వైద్యం ఆ పొరపాటు మీదే నడుస్తుంది. ఆ 78లో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి ఒక ఎలక్ట్రాన్‌ని విసురుతుంది. ఇదే బీటా కిరణం. ఇది కండలో ఒకటి రెండు మిల్లీమీటర్లు పోయి ఆగుతుంది, దారిలో క్యాన్సర్ కణాలని చంపుతుంది. ప్రోటాన్లు 54 అయ్యాయి కాబట్టి ఇక అది అయోడిన్ కాదు, జినాన్ అనే వాయువు. దీంతోపాటు వచ్చే గామా కిరణాలు ఒంట్లోంచి బయటికొస్తాయి. దూరం ఉండమన్నది వాటి వల్ల. చెమట, ఉమ్మి, మూత్రంలోనూ మొదటి రోజుల్లో కొంత అయోడిన్ పోతుంది, గ్లాసు వేరన్నది అందుకు.

మరిగించడం వల్ల మాత్రం ఏమీ ఒరగలేదు. కడిగితే అంటుకున్న అయోడిన్ నీళ్లతో కొట్టుకుపోతుంది, అది చాలు. వేడి సూక్ష్మజీవిని చంపుతుంది గానీ కేంద్రకాన్ని కదిలించలేదు. పొయ్యి మీద పెట్టినా ఫ్రిజ్‌లో పెట్టినా దాని గడియారం దానిదే.

ఆ గడియారం పేరు అర్ధాయువు. ఒక్క పరమాణువు ఎప్పుడు మారుతుందో ఎవరూ చెప్పలేరు. కోట్ల కొద్దీ ఉంటే మాత్రం సగం ఎప్పటికి మారతాయో కచ్చితంగా చెప్పొచ్చు. ఈ అయోడిన్‌కి అది 8 రోజులు. 100 పాళ్లతో మొదలైతే 8 రోజులకి 50, 16కి 25, 40 రోజులకి మూడు. 56 రోజులకి ఒక పాలు కూడా మిగలదు. ఇది ఒంట్లోంచి బయటికి పోయేది కలపకుండా వేసిన లెక్క, కలిపితే ఇంకా తొందరగా తగ్గుతుంది. అంటే రెండో నెలలో మేం భయపడింది దాదాపు లేనిదానికి.

ఇదే లెక్క ఇంకో కొసన చూడాలంటే లాల్‌బాగ్ చాలు. కెంపేగౌడ గోపురం ఉన్న బండ మీద కూర్చుని మనమంతా వేరుశనక్కాయలు తిన్నవాళ్లమే. దాని వయసు సుమారు 300 కోట్ల ఏళ్లంటారు. అంత వయసు ఎలా లెక్కగట్టారని నాకెప్పుడూ అనుమానం. ఇలాంటి రాళ్లలో జిర్కాన్ అనే చిన్న స్ఫటికాలుంటాయి. అవి పుట్టేటప్పుడు యురేనియంని రానిస్తాయి, సీసాన్ని గెంటేస్తాయి. యురేనియం 238 మెట్టుమెట్టుగా మారి చివరికి సీసం అవుతుంది. దాని అర్ధాయువు 447 కోట్ల ఏళ్లు. కాబట్టి జిర్కాన్‌లో ఇప్పుడు సీసం కనపడితే అది లోపల పుట్టిందే. రెండింటి పాళ్లు కొలిస్తే వయసు తెలుస్తుంది. 300 కోట్ల ఏళ్ల తర్వాత కూడా 100లో 63 పాళ్లు యురేనియంగానే ఉంటాయి. అంత నిదానంగా మారుతుంది గనక, రాతిలో ఉండేది కూడా బహు తక్కువ గనక బండ మీద కూర్చున్నందుకు భయం లేదు.

బండ మీద కూర్చోవడానికి జంకలేదు గానీ పిన్ని పక్కన కూర్చోడానికి జంకాను. ఈ లెక్క వేసిన రోజు పిన్నికి ఫోన్ చేసి చెప్పాను. "డాక్టరు నాకు అప్పుడే చెప్పార్లేవే, మీరు భయపడతన్నారని నేనే దూరంగా ఉన్నా" అంది. వచ్చే నెల చెకప్‌కి వస్తుంది. లాల్‌బాగ్ తీసుకెళ్తానంటే బండ ఎక్కేటప్పుడు చెయ్యి పట్టుకోమంది.