లంబాడీ మానేస్తేనే మిగతా భాషలు వస్తాయా?

ప్రశ్న: మాది నారాయణఖేడ్ దగ్గర తండా. పటాన్‌చెరు కంపెనీలో పని. ఇంట్లో లంబాడీ మాట్లాడతాం. మూడేళ్ల పాప లంబాడీ, తెలుగు కలిపేస్తోంది. పెద్దబాబు జపనీస్ నేర్చుకుంటానంటున్నాడు. లంబాడీ మానేయమని అందరూ చెబుతున్నారు. మానేయాలా?
- ఒక తల్లి, పటాన్‌చెరు

జవాబు: వద్దమ్మా, మానకండి. ఏ భాషలో మాట ముందు గుర్తొస్తే పాప అదే వాడుతుంది. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు చాలామంది ఇలాగే మాట్లాడతారు, పెరిగేకొద్దీ వేరుచేసుకుంటారు. తప్పని ఆపకండి. అదే సంగతి మీరు లంబాడీలో పూర్తి వాక్యంగా తిరిగి చెప్పండి. నానమ్మ కథలు, తీజ్ పాటలు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. లంబాడీకి సొంత లిపి లేదు కాబట్టి తెలుగు లిపిలోనే రాసిపెట్టండి. ఈ పని వాయిదా వేయొద్దు, పెద్దవాళ్లు ఉండగానే చేయాలి.

బాబు ఆలోచన మంచిది. కందిలోని ఐఐటీ ప్రాంగణంలో కొంత భాగం జపాన్ సాయంతో కట్టిందే, అంటే మన దగ్గరే జపాన్‌తో సంబంధం ఉంది. జపనీస్‌లోనూ క్రియ మన తెలుగు, లంబాడీల్లాగే వాక్యం చివరే వస్తుంది, ఆ అలవాటు అతనికి ఇప్పటికే ఉంది. ముందు హిరగానా, కటకానా అక్షరాలు, తర్వాత జపనీస్ పరీక్షల్లో మొదటి మెట్టయిన ఎన్5. హైదరాబాద్ తార్నాకలోని ఇఫ్లూలో (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) కోర్సుల గురించి అడగండి.

పాప ఏ భాషలోనూ రెండు మాటలు కలపలేకపోయినా, పిలిస్తే పలకకపోయినా ఆలస్యం చేయకండి. సంగారెడ్డి ప్రభుత్వ ఆసుపత్రిలో ముందు వినికిడి పరీక్ష చేయించండి.