ఫలితము వచ్చే వరకు

పాఠ్యభాగము: మార్కు 5:21–43
కలిపి చదువవలసినది: 2 సమూయేలు 12:15–23



ఆండిపట్టిలో పిల్లవానికి జ్వరము తగ్గకపోతే ముందు దగ్గరలోని డాక్టరుకు చూపిస్తాము. అక్కడ తేలకపోతే తేని దారిలో కానావిలక్కు దగ్గరనున్న ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికో, మదురై రాజాజీ ఆసుపత్రికో వెళ్తాము. రక్తము తీస్తారు, ఎక్స్‌రే తీస్తారు, ఫలితము వచ్చాక రమ్మంటారు. ఇంట్లో మన మాట తెలుగు, డాక్టరుగారు చెప్పేది తమిళము, కాగితము మీద ఉండేది ఇంగ్లీషు. ఈ మూడింటి నడుమ తల్లిదండ్రులకు అర్థమయ్యేది ఒక్కటే: ఇంకా తెలియదు. ఆ తెలియని దినములలో విశ్వాసి ఎట్లు నడవాలో ఈ పాఠములో ధ్యానిద్దాము.

1. భయముతోనే వచ్చిన తండ్రి

యాయీరు సమాజమందిరపు అధికారి, ఊరిలో గౌరవము గలవాడు. అయినను కుమార్తె చావుబ్రతుకులలో ఉండగా అందరి యెదుట యేసు పాదముల మీద పడి ఎంతో బతిమాలాడు. విశ్వాసము చాలదని ప్రభువు అతనిని గద్దించలేదు. అతనితో కూడ బయలుదేరాడు. బిడ్డ కోసము నిద్రపట్టని తల్లిని, "ప్రార్థన చేసేవారికి దిగులెందుకమ్మా?" అని మనము అడిగితే, ప్రభువు వేయని నిందను మనము వేసినవారమవుతాము.

2. ఆలస్యము తీర్పు కాదు

దారిలో ప్రభువు ఆగాడు. పన్నెండేండ్లుగా రక్తస్రావముతో బాధపడిన స్త్రీతో మాట్లాడాడు. యాయీరు కుమార్తె వయస్సు కూడ పన్నెండేండ్లే. అంతసేపు ఆ తండ్రి మనస్సు ఎట్లుండెనో పిల్లలు గలవారికి చెప్పనక్కరలేదు. అయితే ఆమె కోసము ఆగిన ప్రభువు ఇతనిని మరచిపోలేదు.

పరీక్షల ఆలస్యానికి కూడ కారణముంటుంది. టి.బి. కోసము చేతికి సూది వేసి చేసే చర్మ పరీక్షను 48 నుండి 72 గంటల మధ్య చూడాలి. రక్తములో క్రిములున్నవేమో చూసే కల్చరు పరీక్షకు సాధారణముగా 5 దినములు పడుతుంది. టి.బి. క్రిమి చాల మెల్లగా పెరుగుతుంది గనుక దాని కల్చరుకు 6 నుండి 8 వారములు పట్టవచ్చు. కాబట్టి కాగితము ఆలస్యమైతే చెడ్డ వార్త దాచారని అనుకోరాదు.

అయితే కనిపెట్టుట అనగా చేతులు కట్టుకొని కూర్చొనుట కాదు. బిడ్డకు ఊపిరి కష్టమైనా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడియున్నా, నీళ్లు కూడ త్రాగలేకపోయినా ఫలితము కోసము ఆగక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. భయపడి ఫలితము తెచ్చుకొనుట మానరాదు. ఒకవేళ టి.బి. అని తేలినా, అది మందులతో నయమయ్యే జబ్బు. ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితము.

3. లోపలికి ఎవరు వచ్చారు?

కుమార్తె చనిపోయినదను వార్త తెచ్చినవారి మాటను ప్రభువు లక్ష్యపెట్టలేదు. భయము విడిచి తనను నమ్మమని తండ్రితో చెప్పాడు. ఇంటిలో ఏడ్చి గోల చేసేవారిని బయటికి పంపి, తల్లిదండ్రులను, ముగ్గురు శిష్యులను మాత్రము లోపలికి తీసుకొనిపోయాడు.

"మా బంధువుల పిల్లవానికి కూడ ఇట్లే మొదలైంది" అనే మాట వలన ఎవరికీ మేలు కలుగదు. తమిళము, ఇంగ్లీషు బాగుగా వచ్చినవారు ఒకరు తోడు వెళ్లి డాక్టరుగారిని అడిగి తెలిసికొనవచ్చు. ఒకరు అన్నము కారియరు పంపవచ్చు. ఒకరు మిగిలిన పిల్లలను చూచుకొనవచ్చు. ఇద్దరు ముగ్గురు వారింట కూడి ప్రార్థించవచ్చు. తల్లిదండ్రులు ఒప్పుకొనకుండ బిడ్డ జబ్బు సంగతి సంఘములో ప్రకటించరాదు. లేచిన చిన్నదానికి ఆహారము పెట్టమన్న ప్రభువు ఇట్టి చిన్న పనులను కూడ గమనిస్తాడు.

4. మనము కోరినది రాకపోతే

ప్రతి ఇంటిలో బిడ్డ లేవలేదు. దావీదు నేలపడి, ఉపవాసముండి వేడుకొన్నాడు. ఏడవ దినమున బిడ్డ చనిపోయాడు. అప్పుడు అతడు లేచి, స్నానము చేసి, యెహోవా మందిరములో మ్రొక్కి, ఇంటికి వచ్చి భోజనము చేశాడు. దావీదు పాపము సంగతి నాతాను చెప్పెను గదా అని, జబ్బుపడిన ప్రతి బిడ్డ వెనుక తల్లిదండ్రుల పాపము వెదకరాదు. యోహాను 9వ అధ్యాయములో ప్రభువే ఆ ఆలోచనను త్రోసివేశాడు. ఫలితము ఏదైనను, యాయీరుతో దారిలో నడిచిన ప్రభువు మనతో కూడ నడుస్తాడు. ఇదే మన ఆధారము.

చర్చించుటకు ప్రశ్నలు

1. ప్రభువు దారిలో ఆగినప్పుడు యాయీరు ఏమి తలంచియుండును?
2. మన సంఘములో ఫలితము కోసము కనిపెట్టుచున్న కుటుంబమున్నదా? ఈ వారము వారికి ఎవరు ఏమి చేయగలరు?
3. ఆదరణ అనుకొని మనము చెప్పే మాటలలో తల్లిదండ్రులను గాయపరచేవి ఏవి?

ప్రార్థన: ప్రభువా, ఆసుపత్రి వరండాలలో కనిపెట్టుచున్న తల్లిదండ్రుల ప్రక్కన నిలువుము. వారికి తోడుండే మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.