తుపాకి దించి పుస్తకం పట్టారు

యుద్ధం అయిపోతే సైనికుడు ఇంటికొస్తాడు. మరి ఆ తరువాత బతుకుతెరువు ఏమిటి?

అమెరికాలో ఈ ప్రశ్న 1944లో వచ్చింది. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ఇంకా జరుగుతూనే ఉంది. లక్షలమంది ఒక్కసారే తిరిగొస్తే అందరికీ పని ఎక్కడ దొరుకుతుంది? అందుకని ప్రభుత్వం ఒక చట్టం చేసింది. చదువుకునే సైనికుడికి ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజు కట్టింది. ఇంటి ఖర్చుకూ నెలనెలా డబ్బు ఇచ్చింది. సుమారు 22 లక్షలమంది కాలేజీల్లో చేరారు.

విలియం రెంక్విస్ట్ అలా చదివినవాడే. సైన్యంలో అతను వాతావరణం చూసి చెప్పేవాడు. తిరిగొచ్చి లా చదివాడు. వకీలు అయ్యాడు. 1986లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు.

మెడ్గర్ ఎవర్స్ కూడా సైనికుడే. కాని నల్లవాడు. 1954లో మిసిసిపీ యూనివర్సిటీలో లా సీటు అడిగాడు. అక్కడ నల్లవాళ్ళను చేర్చుకునేవారు కాదు. సీటు ఇవ్వలేదు. యుద్ధంలో పనికొచ్చిన మనిషి బడికి పనికిరాలేదు!

ఎవర్స్ ఊరుకోలేదు. జేమ్స్ మెరెడిత్ అనే మాజీ వాయుసైనికుడికి అండగా నిలిచాడు. మెరెడిత్ కోర్టుకెక్కి గెలిచాడు. 1962లో అదే యూనివర్సిటీలో చేరాడు. మరుసటి ఏడే ఎవర్స్‌ను ఇంటి ముందు కాల్చి చంపారు. మెరెడిత్ చదువు ఆపలేదు. 1968లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో లా పట్టా అందుకున్నాడు.

ఆలోచించండి:
1. ప్రభుత్వం సైనికుల చదువుకు ఎందుకు సాయం చేసింది?
2. చట్టం ఉన్నా ఎవర్స్‌కు సీటు ఎందుకు రాలేదు?
3. మన ఊళ్ళో ఎవరి హక్కు ఎవరికి అందడం లేదు?